అరవై కుండీలు, ఒక సూట్‌కేసు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మిద్దె మీద అరవై దాకా కుండీలున్నాయి, ఎనిమిదేళ్ళ కష్టం. ఆఫీసువాళ్ళు రెండేళ్ళ ప్రాజెక్టు మీద సింగపూర్ పంపుతున్నారు, జూన్ మొదటి వారంలో ప్రయాణం. "నీకేంటే, అక్కడ పుల్ల గుచ్చినా చిగురేస్తుంది" అని ఫ్రెండ్సంతా అంటున్నారు. నాకేమో కరివేపాకు మొక్క, అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న బొడ్డుమల్లె, రెండు అడీనియంలు (ఎడారి గులాబీలు), గోంగూర విత్తనాలు వెంట తీసుకెళ్ళాలని ఉంది. అక్కడ చూసిన అద్దె ఫ్లాట్ హెచ్‌డీబీ, అంటే అక్కడి ప్రభుత్వ గృహసంస్థ కట్టిన బిల్డింగులో తొమ్మిదో అంతస్తు. బాల్కనీ లేదు, గుమ్మం ముందు పొడుగాటి కారిడార్ ఉంది, ఉత్తరం వైపట. ఏవి తీసుకెళ్ళొచ్చు, అక్కడ ఏవి బతుకుతాయి, ఇక్కడున్నవి ఏం చెయ్యాలి? అమ్మ మోకాళ్ళ నొప్పులతో మిద్దె మెట్లెక్కలేదు. రాత్రిళ్ళు ఇదే టెన్షన్. — ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ పుల్ల గుచ్చే మాట తేల్చేద్దాం. పుల్ల చిగురేస్తుంది, నిజమే. పువ్వు పుయ్యడం మాత్రం వేరే కథ. నేను సింగపూర్‌లో ఐదేళ్ళున్నాను. వెళ్ళిన కొత్తలో నేనూ అలాగే అనుకుని, హైదరాబాద్ అలవాటు కొద్దీ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి నీళ్ళు పోసి, అక్కడే కొన్న మంచి అడీనియంని మూడు వారాల్లో చంపుకున్నాను. కాండం నొక్కితే మగ్గిన అరటిపండులా వేలు లోపలికి దిగిపోయింది.

విషయం ఏమిటంటే, మన మొక్కలకి నెలలు తెలుసు. సంక్రాంతి చలి, శివరాత్రి తర్వాత ఎండ, రోహిణి కార్తె మంట, మృగశిర జల్లు, వీటిని బట్టి ఎప్పుడు ఆకు రాల్చాలో ఎప్పుడు మొగ్గ తొడగాలో చూసుకుంటాయి. సింగపూర్ భూమధ్యరేఖకి ఒకటిన్నర డిగ్రీ కూడా దూరం లేదు. ఏడాది పొడుగునా పగలు దాదాపు 12 గంటలు, రాత్రి వేడి 24 డిగ్రీల దగ్గర, మధ్యాహ్నం 31, 32. అక్కడ ఇప్పటివరకు నమోదైన అతి ఎక్కువ వేడి 37 డిగ్రీలు, మన కూకట్‌పల్లి ఏప్రిల్లోనే దాన్ని దాటేస్తుంది. వాన చూస్తే హైదరాబాద్‌కి ఏడాదికి 800 మిల్లీమీటర్ల దరిదాపు, అక్కడ 2,100 పైన, అదీ అన్ని నెలలకీ పంచి. కాబట్టి మీ మొక్కకి అక్కడ కష్టమేమీ ఉండదు, ఆ కష్టం లేకపోవడమే సమస్య. కొన్నింటికి మీరే ఎండాకాలం అయి కూర్చోవాలి.

మల్లె చూడండి. ఇక్కడ మనం డిసెంబరు, జనవరిల్లో నీళ్ళు ఆపేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, తర్వాత ఎరువు వేసి నీళ్ళు పెడితే మార్చికల్లా మొగ్గలు. ఆ పనే అక్కడ చిన్నగా, ఏడాదికి రెండు మూడు సార్లు చెయ్యాలి. కుండీని వాన పడని చోటికి లాగి, ఆకులు కొంచెం వాడే దాకా నీళ్ళు బంద్. తర్వాత మూడో వంతు కత్తిరింపు, గుప్పెడు ఎరువు, కడుపునిండా నీళ్ళు. కొత్త చిగురు చివర్లే మొగ్గలు కదా, మంచి ఎండ ఉంటే పూస్తుంది. చెయ్యకపోతే ఆకులు మాత్రం భలే నిగనిగలాడతాయి, అక్కడ చాలా మంది తెలుగువాళ్ళ గుమ్మాల్లో చూశాను, దట్టమైన పచ్చటి పొద, నెలకి నాలుగు పువ్వులు.

ఊరి చెట్లు కూడా ఇంతే. రోడ్ల పక్కన గులాబీ రంగు పువ్వుల టబెబూయా ఉంటుంది, మన దగ్గర కూడా నాటుతున్నారు. కొన్నాళ్ళు వాన లేకుండా గడిచి తర్వాత ఒక మంచి జల్లు పడితే చాలు, మార్చి ఏప్రిల్‌లోనో ఆగస్టు సెప్టెంబర్‌లోనో ఊరు ఊరంతా గులాబీ రంగెక్కుతుంది, జనం ఆగి ఫొటోలు తీసుకుంటారు. ఇంకా విచిత్రం పావురం ఆర్కిడ్. చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది, చిన్న తెల్లపూలు. పెద్ద వానకి గాలి ఒక్కసారిగా చల్లబడితే అక్కడి నుంచి లెక్కపెట్టుకుని తొమ్మిదో రోజున అన్నీ కలిసి పూస్తాయి, ఒక్క రోజుంటాయి, అయిపోయింది. మొదటిసారి నేను ఆఫీసుకి వెళ్తూ చూసి సాయంత్రం తీరిగ్గా చూద్దాం అనుకున్నాను, తిరిగొచ్చేసరికి వాలిపోతున్నాయి.

గోంగూర సంగతి. ఇది పొట్టి పగళ్ళని చూసి పూతకొచ్చే మొక్క. మన దగ్గర వానాకాలంలో విత్తితే పగలు పొడుగు కాబట్టి నడుమెత్తు పెరిగి ఆకు దండిగా ఇచ్చి ఆ తర్వాత పూస్తుంది. అక్కడ పగలెప్పుడూ పన్నెండు గంటలే, అందుకని జానెడు ఎత్తుకే "పొద్దు పోయింది" అనుకుని పూతకి తొందరపడుతుంది. పెద్ద మొక్క కోసం ఎదురు చూడకండి. ట్రేలో ఒత్తుగా చల్లి లేతగా ఉండగానే మొక్కతో సహా లాగేసి వండుకోవాలి, రెండు మూడు వారాలకోసారి మళ్ళీ చల్లాలి. లేదంటారా, లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్‌కి వెళ్ళి "పుళిచ్చ కీరై" అని అడగండి, అక్కడ కూరలమ్మేవాళ్ళలో తమిళులు ఎక్కువ, గోంగూర అంటే తెలియకపోవచ్చు. చామంతి ఆశ మాత్రం వదిలేయండి. అదీ గోంగూరలాగే పొట్టి పగళ్ళకి పూసేదే, చిన్నగా ఉండగానే మొగ్గ తొడుగుతుంది, వెచ్చటి రాత్రులకి ఆ మొగ్గ విచ్చుకోదు, రంగు వెలిసిపోతుంది. చిక్కబళ్ళాపురం వైపు చామంతి తోటల్లో రాత్రి పూట బల్బులు వేలాడదీస్తారు చూశారా, పగలు ఇంకా అవ్వలేదని మొక్కని నమ్మించడానికే. మీ కారిడార్‌లో ఆ పని చేస్తే పక్కింటివాళ్ళు ఊరుకోరు.

ఇక కారిడార్. ఉత్తరం వైపు అనగానే మన లెక్కలో నీడ. ఇక్కడ హైదరాబాద్‌లో సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళేది మే 9 ప్రాంతం నుంచి ఆగస్టు 3 దాకానే. సింగపూర్‌లో అలా కాదు, మార్చి చివరి నుంచి సెప్టెంబర్ మూడో వారం దాకా, అంటే సగం ఏడాది సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. మీరు దిగేది జూన్‌లో, మీ గుమ్మం ముందు ఎండ చూసి మురిసిపోయి ఎండ మొక్కలన్నీ కొనేస్తారు. అక్టోబర్ వచ్చేసరికి ఆ ఎండ బిల్డింగు అవతలి వైపుకి వెళ్ళిపోతుంది, మల్లె మొహం వేలాడేస్తుంది. ఆ ఆరు నెలలకి నీడ మొక్కలు, అంటే మనీప్లాంటు, ఆగ్లోనీమా, ఫెర్నులు, తమలపాకు ముందుకి తెచ్చుకోండి. ఎండ కావాల్సిన రెండు మూడు కుండీల కోసం వంటింటి కిటికీ ఎటు చూస్తుందో ఇల్లు ఖాయం చేసుకునే ముందే అడగండి. నేను అడగలేదు.

రూల్స్ కూడా చెప్తాను, అక్కడ వీటితో ఆటలొద్దు. కారిడార్‌లో మనుషులు నడిచే దారి 1.2 మీటర్లు ఖాళీగా ఉండాలి, అగ్నిప్రమాదం జరిగితే జనం పరుగెత్తడానికి. పిట్టగోడ మీద కుండీ పెట్టకండి, తొమ్మిదో అంతస్తు నుంచి పడితే కింద ఒకళ్ళ ప్రాణం పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం కుండీ కింద ప్లేటు. డెంగీ భయం వల్ల ఇళ్ళకి వచ్చి చూస్తారు, దోమ లార్వా కనబడితే మొదటిసారికే ఇంటివాళ్ళకి 200 డాలర్ల జరిమానా. నాకు పడింది, ప్లేటుకి కాదు, నీళ్ళ సీసాలో పెట్టిన మనీప్లాంటుకి. ప్లేట్లు అసలు వాడకండి, నీళ్ళలో మొక్కలు పెంచకండి, ఆకుల మధ్య నీళ్ళు నిలబడే బ్రొమీలియాడ్‌లు నర్సరీలో ఎంత అందంగా కనబడినా కొనకండి.

మట్టి కూడా ఇక్కడి లెక్క కాదు. మనం ఎర్రమట్టి, పశువుల ఎరువు, కోకోపీట్ కలిపేది తడి నిలవడానికి. అక్కడ కావాల్సింది తడి పోవడం. సగం వరకు ప్యూమిస్, పెర్లైట్ లాంటి గరుకు సరుకు కలపండి, కోకోపీట్ బాగా తగ్గించండి. వాన తగిలే చోట పెడితే ఎరువు కడుక్కుపోతుంది కాబట్టి నెలకోసారి గుప్పెడు కాకుండా వారానికి చిటికెడు. అడీనియం పెట్టాలంటే పైకప్పు కింద, మూడొంతులు గరుకే. పిండినల్లి ఇక్కడిలాగే వస్తుంది, నత్తలు అదనం.

ఇప్పుడు సూట్‌కేసు. వద్దు. మొక్కలు పెట్టుకుని వెళ్ళొద్దు. సింగపూర్‌లోకి మొక్క రావాలంటే పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకి పురుగూ తెగులూ లేవని చెప్పే కాగితం ఉండాలి, మన దగ్గర అది మొక్కల క్వారంటైన్ అధికారులు మొక్కని పరీక్ష చేసి ఇస్తారు. మట్టి అంటిన వేరు అంటే ఏ దేశానికైనా గుండె దడే, అందులో ఏ పురుగు గుడ్డు, ఏ బూజు ఉందో కంటికి కనబడదు. కరివేపాకు మరీ. లేత చిగుళ్ళ మీద చేరే సిల్లా పురుగు దీని మీదా నిమ్మజాతి మీదా రెండింటి మీదా బతుకుతుంది, బత్తాయి తోటల్ని తుడిచిపెట్టే గ్రీనింగ్ తెగులుని మోసేది అదే. అందుకే కరివేపాకు మొక్క అనగానే చాలా దేశాలు తలుపు వేసేస్తాయి. సింగపూర్‌కి ఈ భయం ఎక్కువ ఉండడానికి పక్కనే ఇంకో కారణం ఉంది. 1877లో లండన్ దగ్గరి క్యూ తోట నుంచి వచ్చిన 22 రబ్బరు మొక్కలు సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో దిగాయి, తర్వాత హెన్రీ రిడ్లీ అనే ఆయన అక్కడే చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతి కనిపెట్టి నేర్పితే మలయా అంతా రబ్బరు తోటలయ్యాయి. బ్రెజిల్‌లో రబ్బరుని దెబ్బతీసిన ఆకు తెగులు ఇటు వస్తే మలేషియా తోటల గతేమిటని, ఇప్పటికీ అమెరికా ఉష్ణ దేశాల నుంచి వచ్చే మొక్కల మీద ప్రత్యేకంగా కన్నేస్తారు. మీ గోంగూర విత్తనాలు కూడా, అక్కడి నేషనల్ పార్క్స్ బోర్డు రూల్ చూసుకుని, చూపించి తీసుకెళ్ళండి, చీర మడతలో పెట్టి కాదు.

కరివేపాకు అక్కడ నర్సరీలో దొరుకుతుంది, బాగా పెరుగుతుంది. బొడ్డుమల్లె జాతి కూడా దొరుకుతుంది. అమ్మమ్మ మల్లె కాదుగా అంటారు. కాదు. దాన్ని ఇక్కడే కాపాడుకోవాలి, అదెలాగో చెప్తాను.

మిద్దె మీద అరవైలో ఎనిమిది మించి ఉంచకండి. కష్టంగానే ఉంటుంది వినడానికి. కానీ వాచ్‌మన్‌కి అరవై కుండీలు అప్పజెప్పి, మే నెలలో వీడియో కాల్‌లో ఎండిన పుల్లలు చూసి ఏడ్చేకంటే బతికుండగా పంచడం మేలు. ప్రయాణం జూన్ కదా, వారం ముందు కాకుండా ఇప్పుడే మొదలుపెట్టండి, ఎండలు ముదరక ముందు ఇస్తే కొత్త ఇంట్లో కుదురుకుంటాయి. ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకండి, "అయ్యో నాకివ్వు నాకివ్వు" అనేవాళ్ళలో సగం మంది కుండీ కోసం అంటారు. మొక్క చచ్చినా మీకు చెప్పగలిగేవాళ్ళకి ఇవ్వండి. అమ్మమ్మ మల్లెకి మాత్రం ఒక కుండీ నమ్ముకోవద్దు. ఇప్పుడే నాలుగైదు కొమ్మలు అంటు తొక్కండి, ముదురు కొమ్మని వంచి గణుపు మట్టిలో పూడ్చి రాయి పెడితే వానలు పడేసరికి వేళ్ళు వస్తాయి. మీరు వెళ్ళాక వాటిని విడదీసే పని ఒక చెల్లెలికో పిన్నికో చెప్పండి, మూడు వేర్వేరు ఇళ్ళలో నేలలో పెట్టించండి. మూడిట్లో ఒకటైనా ఉంటుంది.

ఉంచే ఎనిమిది మీ ఇష్టం, కానీ బోగన్‌విల్లా, నూరు వరహాలు, కలబంద, అడీనియంలు ఉంచితే రెండు రోజులు నీళ్ళు మర్చిపోయినా క్షమిస్తాయి. అన్నింటినీ మిద్దె మీద కాకుండా కిందకి, అమ్మ కూర్చుని పైపుతో పట్టగలిగే చోటికి దింపండి. టైమర్ డ్రిప్పు పెట్టొచ్చు, ట్యాంకు ఖాళీ అయిన రోజు అది గాలి పోస్తుంది, కాబట్టి మనిషి కూడా కావాలి, ఆ మనిషికి నెల జీతం ఇవ్వండి, మొహమాటంతో చేయించకండి.

అక్కడ మొదటి రెండు నెలలు ఏమీ కొనకండి. ఎండ ఏ గంటకి ఎక్కడ పడుతుందో చూడండి, ఆదివారాలు బొటానిక్ గార్డెన్స్‌లో తిరగండి, 1859 నుంచి ఉన్న తోట, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, ఆర్కిడ్ తోటకి మాత్రమే ఉంది. మీకు తెలిసినవాళ్ళు చాలా మంది కనబడతారు. రోడ్ల మీద గొడుగు పట్టేది మన నిద్రగన్నేరే. ఎర్రటి గింజలు రాల్చే సాగా చెట్టు మన బండి గురివింద. అంగ్సానా అని పిలిచేది ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. టెంబుసు మాత్రం కొత్త, ఐదు డాలర్ల నోటు మీద ఉన్నది ఆ తోటలోని చెట్టే, సాయంత్రాలు దాని పూల వాసన వీధి చివరిదాకా వస్తుంది. నేల మీద పెంచాలనిపిస్తే పార్కుల్లో చిన్న మళ్ళు అద్దెకిస్తారు, 2.5 మీటర్ల పొడుగు, మీటరు వెడల్పు, లాటరీ తగలాలి. తగిలితే బచ్చలి, తోటకూర, తూటికూర వెయ్యండి. తూటికూరని అక్కడ కంగ్‌కోంగ్ అంటారు, వెల్లుల్లి, మిరపకాయ వేసి వేయిస్తారు, పప్పులో కూడా బాగానే ఉంటుంది.

ప్రశ్న: మా ఆయనకి టాంజానియాలో దార్ ఎస్ సలాంలో ఉద్యోగం వచ్చింది, పిల్లలతో సహా వెళ్తున్నాం. పెరడున్న ఇల్లు ఇస్తున్నారు. అది కూడా సింగపూర్ లాంటి వాతావరణమేనా? ఎప్పుడు విత్తుకోవాలి? — బాపట్ల నుంచి

జవాబు: కాదండీ, అది మీకు ఇంకా సులువు. సముద్రం ఒడ్డు, ఇసుక నేల, ఉక్క, బాపట్ల నుంచి వెళ్ళేవాళ్ళకి కొత్తేముంది. కాకపోతే భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి నెలలు తిరగబడతాయి, జూన్ నుంచి ఆగస్టు దాకా చల్లగా, పొడిగా ఉంటుంది, డిసెంబర్ నుంచి మార్చి దాకా వేడి. వానలు రెండు విడతలు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, వాటిని మసీకా అంటారు, అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య చిన్న వానలు, వూలీ. ఆకుకూరలూ బెండ, గోరుచిక్కుడూ వూలీతో మొదలుపెట్టండి. మసీకాలో ఇసుక నేల కూడా నీళ్ళు పట్టి టమాటాకి తెగుళ్ళు అంటుకుంటాయి, టమాటా ఆ వానలు తగ్గాక మే చివర్లో నాటితే చల్లటి నెలల్లో కాపు కాస్తుంది. మల్లెకి అక్కడ నిజమైన ఎండాకాలం ఉంది, నీళ్ళాపే పని మీకు తేలికవుతుంది. బోరు నీళ్ళు మాత్రం నోట్లో పోసుకుని చూడండి, తీరంలో చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పుంటే మల్లె, చిక్కుడు జోలికి వెళ్ళకుండా కొబ్బరి, బీట్‌రూట్, పాలకూర పెట్టుకోండి, వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి. బజార్లో మ్‌చిచా అంటే తోటకూర, మ్‌లోంగే అంటే మునగ. మామిడి నవంబర్ నుంచే వస్తుంది, ఆవకాయ పెట్టాలంటే అక్టోబర్‌లో కాయ కోసం వాకబు చెయ్యండి, ఏప్రిల్‌లో కాదు.

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్ నుంచి సెలవులకి వస్తున్నాడు. వాళ్ళ జాతీయ పుష్పం మొక్కని తెమ్మన్నాను. విశాఖలో మిద్దె మీద పెరుగుతుందా? — విశాఖపట్నం

జవాబు: పెరుగుతుందో లేదో తర్వాత, రానివ్వరు. వాండా మిస్ జోకిమ్ అనే ఆ ఆర్కిడ్‌ని 1981లో జాతీయ పుష్పంగా పెట్టుకున్నారు. మన దేశంలోకి మొక్క తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందే ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలి, అక్కడి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. పైగా ఆర్కిడ్‌లు సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారం మీద అంతర్జాతీయ) ఒప్పందం కిందకి వస్తాయి, ఆ కాగితాల లెక్క వేరే. ఎయిర్‌పోర్టులో మొక్క పోతుంది, మీ అబ్బాయి కనెక్టింగ్ ఫ్లైటూ పోతుంది. విశాఖ ఉక్కకి మన నర్సరీల్లో అమ్మే డెండ్రోబియంలు, వాండాలు చక్కగా సరిపోతాయి. కొబ్బరి పీచు తక్కువ, బొగ్గు ముక్కలు ఎక్కువ, పొద్దుటి ఎండ, అంతే. ఏజెన్సీ వైపు మామిడి కొమ్మల మీద కనబడే వాండాని, అదే పల్లెల్లో బదనిక అంటారే, దాన్ని మాత్రం పీక్కురాకండి. మీ అబ్బాయిని పాండన్ కేకు తెమ్మనండి.